మానాక చూద్దాం

ఫిబ్రవరి 3, సోమవారం

బ్రహ్మాజీని వదలను.

ఈ ఒక్క మాట ముందు రాసుకుంటే తప్ప మిగతాది రాయడానికి చెయ్యి నిలవడం లేదు. రొయ్యల మేత కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ ఇది. జనవరి అంతా ఖాళీగా పడి ఉంది. ఇవాళ్టి నుంచి దీనికి పని దొరికింది.

పొద్దున జహీరాతో కలిసి రేపల్లెలో పాసింజరెక్కి తెనాలి వెళ్ళాను. పదేళ్ళు మా రొయ్యల ఎగుమతి కంపెనీలో నా కళ్ళముందు రొయ్య ఒలిచిన మనిషి జహీరా. పుట్టిల్లు తెనాలే. వాళ్ళ బావ బాబూలాల్‌కి మడమ పైన నాకున్నలాంటి పుండే ఉండేదట, ఇప్పుడు లేదట. "ఒక్కసారి చూపించు కుమారక్కా, నీదేం పోయింది" అని నెల రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. దాని పోరు పడలేక వెళ్ళాను, నమ్మి కాదు.

రక్తనాళాల డాక్టరమ్మ పేరు భాగ్యశ్రీ. చిన్నపిల్ల. కట్టు విప్పినప్పుడు ముక్కు మూసుకోలేదు, అక్కడే నాకు సగం నచ్చింది. కాలికి ఏదో జిగురు పూసి స్కాన్ చేసి, తెరమీద నా రక్తం నాకే చూపించింది. పైకి పోవాల్సింది పోకుండా వెనక్కి కిందికి దిగిపోతోంది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఈ పుండు?" అంది.

"పద్నాలుగు నెలలండి."

"ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారు?"

"పుండు మానాక రావాలన్నారండి. మానాకే నరం ముట్టుకోవాలట."

ఎవరన్నారని అడిగింది. పేరు చెప్పలేదు. జాలిపడి కాదు. ఆ పేరు నాకు కావాలి.

"అది పాత మాటమ్మా. నరం పాడై రక్తం కిందే నిలిచిపోతోంది, ఆ ఒత్తిడికే చర్మం చిట్లింది. ఆ ఒత్తిడి అలాగే ఉంటే పుండు ఎలా మానుతుంది? ఇప్పుడు పుండు ఉండగానే నరం మూసేస్తున్నాం. బిగుతు కట్టు ఎలాగూ ఉంటుంది. రెండూ కలిస్తే తొందరగా మానుతుంది" అంది.

తూము గేటు విరిగిన చెరువులో ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడుతూ కూర్చున్నానన్నమాట. పద్నాలుగు నెలలు.

"అయితే అప్పుడే వచ్చి ఉంటే..." అన్నాను. డాక్టరమ్మ నా మొహం చూసి మాట మార్చేసింది. పందొమ్మిదో తారీఖు రమ్మంది.

మా కంపెనీలో పొద్దున లోపలికి అడుగు పెట్టాలంటే బూట్లు విప్పి చేతులూ కాళ్ళూ చూపించాలి. నర్సు సామ్రాజ్యం టార్చి వేసి వేళ్ళ సందులు కూడా వదలదు. చిన్న గీత పడ్డా సరే, మానితేనే లోపలికి. బయటి దేశాలకు పోయే సరుకు మరి. పన్నెండేళ్ళు గ్రేడింగ్ బల్లకి పెద్దగా నిలబడ్డాను నేను. రొయ్యని ఇలా చేత్తో పట్టుకుంటే చాలు, కిలోకి ముప్పై తూగుతాయా నలభయ్యా చెప్పేదాన్ని. తూకమేసి చూస్తే ఒక్కటి అటూ ఇటూ ఉండేది కాదు. ఆ బల్ల ఇప్పుడు కావేరిది. మొన్న మొన్నటిదాకా నా వెనక ట్రేలు మోసిన కావేరిది.

దీనంతటికీ కారణం ఒక్కడే. మా వీధి చివర అరుగు మీద కూర్చుని కట్లు కట్టే బ్రహ్మాజీ.

ఫిబ్రవరి 4

"అక్కా, కట్టు రోజు!" అని అరుగు మీంచి కేకేశాడు. చెవిటిదానిలా నడిచిపోయాను.

ఫిబ్రవరి 8

వాడి గురించి అబద్ధం రాయను. డాక్టరునని వాడెప్పుడూ చెప్పుకోలేదు. తెనాలిలో ఓ పెద్ద సర్జను గారి దగ్గర ఇరవై రెండేళ్ళు కట్లు కట్టాడు. ఆయన పోయాక ఊరొచ్చి అరుగు మీద మొదలెట్టాడు. ఉప్పునీళ్ళతో పుండు కడగడం, మెత్తటి గుడ్డ పరవడం, పాదం నుంచి మోకాలి దాకా మడతపడకుండా చుట్టడం. వాడి చేతిలో నొప్పి తెలియదని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వస్తారు.

నేను మొదట్లోనే అడిగాను. "తమ్ముడూ, నరం ఆపరేషనని ఏదో ఉందట, అది చేయించుకోనా" అని. నవ్వాడు. "పుండుండగా నరం జోలికి పోకూడదక్కా. మా సారు చిలక్కి చెప్పినట్టు చెప్పేవారు. ముందు మాననీ. మానాక చూద్దాం" అన్నాడు. ఆరో నెలలోనూ అదే మాట. పదో నెలలోనూ అదే. నేను తలూపుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. నా బుద్ధి గడ్డి తిన్నది.

నాకు కోపం లేదు. న్యాయం కావాలి, అంతే. సోమవారం బాపట్ల కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. పెడతాను. వాడి అరుగు మూయిస్తాను.

ఫిబ్రవరి 10, సోమవారం

బాపట్ల బస్సులో ఒంటికాలి మీద నిలబడి వెళ్ళాను. ఆఫీసు బయట గొడుగు కింద అర్జీలు రాసే పెద్దాయన ఉన్నాడు, వెంకటకృష్ణయ్య గారు. కాగితం మీద "గౌరవనీయులైన" అని రాసి కలం ఎత్తి నా వంక చూశాడు.

"చెప్పమ్మా. ఏం మందిచ్చాడు?"

"మందేం ఇవ్వలేదండి."

"సూది పొడిచాడా?"

"లేదండి."

"పుండు కెలికాడా? కోశాడా?"

"లేదండి. ఉప్పునీళ్ళతో కడిగి కట్టు కట్టాడండి."

"ఎన్నాళ్ళు?"

"పద్నాలుగు నెలలండి. వారానికి రెండుసార్లు."

"డబ్బు గుంజాడా?"

"గుడ్డ ఖరీదేనండి."

పెద్దాయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "ఇది అర్జీ కాదమ్మా. సన్మాన పత్రం" అన్నాడు. వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. వాడు నన్ను ఏం చేశాడో కాగితం మీద పెట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు. "ఆగమన్నాడండి, ఆగమనడం తప్పు కాదా" అంటే, "ఆగినవాళ్ళది కాదా తల్లీ" అన్నాడు పెద్దాయన. కాగితం లాక్కుని వచ్చేశాను. దారంతా నా పళ్ళు నేనే నూరుకున్నాను.

అర్జీలతో అయ్యే పని కాదిది. కాలు మాననీ. ఆదివారం పూట అరుగు నిండా జనం ఉన్నప్పుడు వెళ్ళి, మానిన కాలు వాడి స్టూలు మీద పెట్టి, అందరి ముందూ అడుగుతాను. మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూస్తాను.

ఫిబ్రవరి 19

అయిపోయింది. ఇంతేనా అనిపించింది. మత్తివ్వలేదు. తొడ దగ్గర నుంచి కిందిదాకా సూదులతో మొద్దుబార్చి, సన్నటి తీగ లోపలికి పంపి లేజరుతో నరం మూసేశారు. ఏదో కాలుతున్న వాసన వచ్చినట్టు అనిపించింది, నా భ్రమో ఏమో. కాసేపటికే లేచి నడవమన్నారు. బయట జహీరా తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది. నేను నడిచి రావడం చూసి, "యా అల్లా, అప్పుడే అయిపోయిందా!" అంది.

కట్టు కట్టిన నర్సు, "ఇంతకుముందు మీకెవరు కట్టారండి? పుండు చుట్టూ చర్మం ఎంత శుభ్రంగా ఉంచారో" అంది.

తల తిప్పుకుని చెప్పుల కోసం వెతుక్కున్నాను. మా ఆయన వేటకెళ్ళి సముద్రం మీద ఉన్నాడు. ఫోన్లో చెప్తే, "బ్రహ్మాజీకి చెప్పావా? సంతోషిస్తాడు" అన్నాడు. ఈ పున్నారావు గారికి అందరూ మంచివాళ్ళే.

మార్చి 2

"కట్టు మానేశావేంటక్కా, ఎక్కడ కట్టించుకుంటున్నావ్?" అని దారికి అడ్డం వచ్చి అడిగాడు. బాపట్లలో మా ఆడపడుచు దగ్గరుండి కట్టిస్తోందని చెప్పాను. "సరేలే, తడవనివ్వకు. కాలు ఎత్తులో పెట్టుకో" అన్నాడు. సాయంత్రం జహీరా చేతికి మెత్తగుడ్డల పొట్లం ఇచ్చి పంపాడు. బీరువా మీదికి విసిరేశాను.

పుండు అంచులు దగ్గరికి లాగుతున్నాయి. ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. పదకొండు రోజులకే! మరి ఆ పద్నాలుగు నెలలూ?

మార్చి 16, ఆదివారం

నా ఉసురు తగిలింది.

పాల ప్యాకెట్ కోసం మధ్యాహ్నం అటు వెళ్ళాను. అరుగు మీద ఎవరూ లేరు. వాడొక్కడే గోడవైపు తిరిగి, ప్యాంటు మోకాలి దాకా మడిచి, తన కాలికి తనే కట్టు కట్టుకుంటున్నాడు. నా అడుగుల చప్పుడు విని గబుక్కున దించబోయాడు కానీ నేను చూసేశాను. పిక్క మీద నరాలు వంకర్లు తిరిగి ఉబ్బి ఉన్నాయి. మడమ పైన చర్మం బెల్లం పాకం రంగుకి తిరిగింది. దాని మధ్యన రూపాయి బిళ్ళంత పుండు.

"దోమ కుట్టిందక్కా, గోకాను. నాలుగు రోజుల్లో మాడిపోద్ది" అన్నాడు.

దోమ! ఇరవై రెండేళ్ళు సర్జను పక్కన, పదేళ్ళు ఈ అరుగు మీద నిలబడిన కాళ్ళు. పరాయి వాళ్ళ కాళ్ళు చూసినంత సేపు తన కాలు చూసుకున్నాడా? నాకు ఒక్క చూపుతో అర్థమైంది. ఇది అదే. నాకు మొదట్లో ఉన్నది ఉన్నట్టు ఇదే.

నోటిదాకా వచ్చింది. రేపే తెనాలి పో, ఆగకు అని. నాలుక మీదే ఉంది మాట.

మింగేశాను.

"ఏం కాదులే తమ్ముడూ. ముందు మాననీ. మానాక చూద్దాం" అన్నాను.

వాడు నవ్వి, "అంతేగా మరి" అన్నాడు.

ఇంటికొచ్చి పాలు కాచి, చాలా రోజుల తర్వాత రెండుసార్లు టీ తాగాను. పద్నాలుగు నెలలు ఇస్తాను వాడికి. నాకిచ్చినన్నీ. ఒక్కరోజు తక్కువ కాదు, ఎక్కువా కాదు. ఇవాళ మొదటి రోజు.

మార్చి 17

చెప్పలేదు.

మార్చి 18

చెప్పలేదు. వాడు అడగలేదు. అడిగితే చెప్తాను.

మార్చి 21

ఆరో రోజు. వాడు సైకిలు దిగేటప్పుడు ఎడమ కాలు ముందు పెట్టడం లేదు.

మార్చి 24

నేను వాడినేం చేశాను? ఏమీ చేయలేదు. చెప్పకపోవడం వేరు, ఆపడం వేరు. వాడు నన్ను ఆపాడు. నేను ఊరుకున్నాను. ఏ పెద్దాయన దగ్గరికి వెళ్ళి అర్జీ రాయించుకుంటాడో రాయించుకోమను.

తొమ్మిదో రోజు.

మార్చి 29

జహీరా అంది, "కుమారక్కా, బ్రహ్మాజీ భాయ్ కుంటుతున్నాడేంటి?" అని. నాకేం తెలుసన్నాను. "రంజాన్ నెల, అబద్ధాలు వినడం కూడా పాపమే" అని నవ్వింది. ఊరికే అంది, దానికేం తెలియదు. అయినా దాని మొహం వంక చూడలేకపోయాను. ఉపవాసం మనిషి, ఎండలో నిలబెట్టడమెందుకని లోపలికి వచ్చేశాను. అందుకే వచ్చాను.

ఏప్రిల్ 5

ఇరవై ఒకటో రోజు. నా పుండు చిటికెన వేలి గోరంత మిగిలింది. వాడిది ఎంతయిందో చూడలేదు. చూడాలని ఉంది. చూడాలని లేదు కూడా.

ఏప్రిల్ 12, శనివారం

మానింది!

డాక్టరమ్మ రెండు వేళ్ళతో నొక్కి చూసి, "పూర్తిగా మూసుకుందమ్మా" అంది. బిగుతు మేజోడు ఇచ్చింది. పగలంతా వేసుకోవాలట, మానిందని మర్చిపోకూడదట. ఏడు వారాల మూడు రోజులు పట్టింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని కొత్త చర్మం మీద వేలు పెట్టుకుని వచ్చాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఎదురు సీట్లో ముసలామె మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

ఇంక వాడి సంగతి.

ఏప్రిల్ 16

సామ్రాజ్యం టార్చి వేసి నా మడమ అటూ ఇటూ తిప్పి చూసి, "లోపలికి పోండి వదినా" అంది. బూట్లు వేసుకుని, ఐసు నీళ్ళ వాసన పీల్చుకుంటూ తిన్నగా నా బల్ల దగ్గరికి నడిచాను.

మేనేజరు శివకృష్ణ గారు వెనకనుంచి పిలిచారు. "కుమారి గారూ, కావేరికి పని అలవాటైపోయిందండి. ఇప్పుడు మార్చడం బాగోదు. మీరు ఒలుపు బల్ల దగ్గర ఉండండి. ముందు ముందు చూద్దాం."

చూద్దాం. ఈ మాట నా నొసటన రాసినట్టున్నాడు దేవుడు.

కావేరి తల ఎత్తలేదు. దాని తప్పేముంది, ఇద్దరు పిల్లలు దానికి. ఒలుస్తూ చూశాను, దాని నలభై కౌంటు ట్రేలో ముప్పైలు పడుతున్నాయి. చెప్పలేదు. ఈమధ్య నాకు చెప్పకపోవడం బాగా చేతనవుతోంది.

నిన్నటి నుంచి చేపల వేట నిషేధం, ఆయన ఒడ్డునే ఉన్నాడు. అన్నం తింటూ, "కాలు మానింది, పని దొరికింది, ఇంకా ఆ మొహం ఏంటి?" అన్నాడు. నా బల్ల పోయిందయ్యా మగడా అన్నాను. ఆదివారం రానీ.

ఏప్రిల్ 20, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నా మీద నాకే నమ్మకం లేదు, రేపటికి మార్చుకుంటానేమో.

పదిగంటలకి వెళ్ళాను. అరుగు నిండా జనం, ఏడెనిమిది మంది. కొలకలూరు నుంచి రెండు బళ్ళు మారి వచ్చే రాఘవమ్మ గారు కాలు చాపి కూర్చుంది. వాడు ఆమె పుండు కడుగుతున్నాడు. నేను మేజోడు లాగేసి, కాలు ఎత్తి వాడి స్టూలు మీద పెట్టాను. చూడు అన్నాను.

చూశాడు. చేతులు తుడుచుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. కొత్త చర్మం మీద బొటనవేలితో మెల్లగా నొక్కాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మానింది! చూశారా అమ్మా, అందరూ చూడండి. ఓపిక పడితే మానుతుందని నేను చెప్పలా? అక్కా, ఇంక నువ్వు ఒక్కరోజు కూడా ఆగమాక. రేపే తెనాలి పోయి నరం చేయించేసుకో" అన్నాడు.

రెండు నెలలుగా నోట్లో నానబెట్టుకున్న మాటలు. ఒక్కటీ మిగల్చలేదు.

"నరం ఫిబ్రవరి పందొమ్మిదినే చేయించుకున్నా. పుండు ఉండగానే! అందుకు మానింది. నీ కట్టుకి కాదు. పద్నాలుగు నెలలు నన్ను కూర్చోబెట్టావు. నా బల్ల పోయింది. పన్నెండేళ్ళ బల్ల! ఇవాళ నేను రొయ్య ఒలుస్తున్నా తెలుసా? నీ మానాక చూద్దాం నా కొంప ముంచింది. వీళ్ళందరి కొంపలూ ముంచుతోంది."

రాఘవమ్మ గారు మెల్లగా, "అయితే నన్నెందుకు ఆపావు నాయనా?" అంది.

వాడు తిరగబడతాడనుకున్నాను. తిరగబడితే ఇంకా ఉన్నాయి నా దగ్గర. వాడు నా వంక బడిపిల్లాడిలా చూశాడు.

"మా సారు అలా చెప్పేవారు పిన్నీ. అప్పట్లో తొడ కోసి నరం లాగేవాళ్ళు, పుండుండగా కోస్తే చీము పట్టేది. నా కళ్ళతో చూశా. ఇప్పుడు కొయ్యట్లేదా అక్కా? కొయ్యకుండా ఎలా చేస్తున్నారు?"

చెప్పాను. తీగ గురించి, లేజరు గురించి. చెప్తుంటే తలూపుతూ విన్నాడు. విని రాఘవమ్మ గారి వైపు తిరిగి, "తప్పయిపోయింది పిన్నీ. రేపే తెనాలి వెళ్ళు. ఎక్కడో అక్క చెప్తుంది. మీరందరూ కూడా వెళ్ళండి, ఇక్కడ కూర్చోమాకండి" అన్నాడు. అంతే. తన అరుగు తనే ఖాళీ చేసేశాడు, నాకు మిగల్చకుండా.

నాకింకా చల్లారలేదు. "నీ కాలు కూడా చూపించు, అందరూ చూడనీ" అన్నాను. వద్దక్కా అన్నాడు. నేనే వంగి ప్యాంటు పైకి లాగాను.

కట్టు తడిసి పచ్చగా ఉంది. వాసన వస్తోంది. రూపాయి బిళ్ళ నా అరచేతంత అయింది.

"ఇదేంట్రా? ఎవరికీ చూపించలేదా?"

"మానాక వెళ్దామని" అన్నాడు.

మోసం చేశాడనుకున్నాను నేను. జనాన్ని అరుగు దాటి పోనివ్వకుండా కట్టేసుకున్నాడనుకున్నాను. వాడు నాకు పెట్టిందే తను కూడా తింటున్నాడు.

వాడు ప్యాంటు దించుకుని, ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు.

"నీకు ఫిబ్రవరిలోనే తెలుసన్నమాట."

"ఆఁ."

"మార్చిలో నా కాలు చూశావుగా అక్కా."

వాడు తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని రాఘవమ్మ గారి కట్టు పూర్తి చేశాడు. ఎప్పటిలాగే మడతపడకుండా కట్టాడు. జనం వాడిని చూడటం లేదు. నన్ను చూస్తున్నారు.

మేజోడు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాను. వేసుకోవడం మర్చిపోయాను.

ఏప్రిల్ 21

గెలిచింది నేనే. అందరి ముందూ నిలబెట్టి అడగాలనుకున్నాను, అడిగాను.

ఏప్రిల్ 22

చెప్పకపోవడం వేరు, ఆపడం వేరు అని మార్చిలో రాసుకున్నాను. ఆ పేజీ తీసి చూశాను. నేను చెప్పకుండా ఊరుకోలేదు. మాననీ అన్నాను. మానాక చూద్దాం అన్నాను. నోరు తెరిచి అన్నాను.

ఏప్రిల్ 23, బుధవారం

కంపెనీకి సెలవు పెట్టి వాడింటికి వెళ్ళి, బయల్దేరు అన్నాను. రానంటాడనుకున్నాను, చొక్కా మార్చుకుని వచ్చాడు. పాసింజరులో ఎదురెదురుగా కూర్చున్నాం.

డాక్టరమ్మ స్కాన్ చేసింది. అదే రోగం, అదే నరం. కానీ పుండు చుట్టూ ఎర్రగా వాచి ఉంది, చీము పట్టింది. "ముందు ఇది తగ్గడానికి మందులు వాడాలి. తగ్గాక లేజరుకి తేదీ ఇస్తాను. చిన్నగా ఉన్నప్పుడే తీసుకొచ్చి ఉంటే వెంటనే చేసేసేవాళ్ళం" అని నాతో అంది. తీసుకొచ్చిన మనిషిని నేను కాబట్టి నాతో అంది.

వాడు నర్సు కట్టు కడుతుంటే వంగి వంగి చూశాడు. ఎన్ని పొరలు, ఎంత బిగుతు అని అడిగి తెలుసుకున్నాడు. మళ్ళీ ఎవరికి కడదామనో.

రేపల్లెలో రైలు దిగేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉందని చెయ్యిచ్చాను. పట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేసి ఆగాడు.

"అక్కా, నువ్వు మార్చిలోనే చూశావన్న సంగతి పున్నారావు బావకి చెప్పమాక. జనం చెప్పినా లేదను. ఆయన పట్టుకుంటే వదలడు, నీ మీద కోప్పడతాడు" అన్నాడు.

తిట్టరా అన్నాను. నడిరోడ్డు మీద చెప్పు తీసుకుని కొట్టరా అన్నాను. "ఊరుకో అక్కా" అని కుంటుకుంటూ ఆటో వైపు వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వాకిట్లో వల పరుచుకుని చిరుగులు అల్లుతున్నాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని అంతా చెప్పాను. అర్జీ దగ్గర నుంచి చీము దాకా. మధ్యలో ఒక్కసారి కూడా తలెత్తలేదు, చేతులు ఆడుతూనే ఉన్నాయి.

"ఎన్నాళ్ళు చెప్పలా?" అన్నాడు.

"ముప్పై అయిదు రోజులు."

దారం పళ్ళతో కొరికి, అప్పుడు నా మొహంలోకి చూశాడు.

"లెక్కపెట్టావా?"

పెట్టానని చెప్పాను.